మిద్దె మీద గాలిమర: తిరిగితే సరిపోదు, కరెంటు రావాలె

ఈ నడుమ ఫోన్లల్ల ఒక తీరు వీడియోలు మస్తు తిరుగుతున్నయి. ఒక పెద్ద బంగ్ల, దాని నెత్తి మీద పువ్వు లెక్కనో స్క్రూ లెక్కనో ఉన్న గాలిమర, అది గిర్రున తిరుగుడు, కింద ఒక ముక్క: "ఇగ మీకు కరెంటు బిల్లు రాదు". అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల అది పడంగనే ముచ్చట షురూ అయితది. "మనది ముప్పై అంతస్తులు. పైకి పోతే భుజం మీది తువ్వాల ఆగదు. గంత గాలిని ఉత్తగ పోనిస్తున్నం" అని ఒకరంటరు. "కార్పస్ ఫండుల పైసలున్నయి గదా, పెడదాం" అని ఇంకొకరంటరు.

ఆ ఆలోచన తప్పు కాదు. హైదరాబాద్ పడమటి దిక్కు, కోకాపేట, పుప్పాలగూడ, నానక్‌రాంగూడ పొంటి యాభై అంతస్తులు దాటిన బంగ్లలు లేచినయి. లిఫ్టులు, నీళ్ల మోటర్లు, పార్కింగ్ లైట్లు, మురికినీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, అన్ని కరెంటు మీదనే. ఆ బిల్లు అందరు కలిసి కడుతరు. నెత్తి మీద గాలి ఉన్నప్పుడు దాన్ని వాడుకోవాలన్న సోయి మంచిదే. గని కార్పస్ ఫండు అంటే ఒక్కొక్క ఇంటాయన చెమటోడ్చి కట్టిన పైకం. అది గాలికి పోవద్దంటే గాలి లెక్క ఏందో ముందుగాల తెలుసుకోవాలె. ఆ లెక్క అమ్మెటోడు చెప్పడు. మనమే వేసుకోవాలె.

వేగం సగమైతే కరెంటు సగం కాదు

నీళ్ల టాంకు సగం నిండితే సగం నీళ్లుంటయి. గాలి అట్ల కాదు. గాలి వేగం రెండింతలైతే అందుల బలం ఎనిమిదింతలైతది. వేగం సగానికి పడితే బలం ఎనిమిదో వంతుకు పడిపోతది. ఎందుకంటె వేగం రెండింతలైనప్పుడు ఒక్కొక్క కిలో గాలిల ఉన్న శక్తి నాలుగింతలైతది. దానికి తోడు, ఒక్క సెకనుల రెక్కల దగ్గరికి వచ్చే గాలి కూడ రెండింతలైతది. నాలుగు రెండ్లు ఎనిమిది. గీ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే సగం మోసాలు అక్కడనే ఆగిపోతయి.

ఒక మరను పట్టుకొని లెక్క చేద్దాం. రెక్కలు తిరిగే చక్రం వెడల్పు 2 మీటర్లు. "ఒక కిలోవాట్ మర" అని అమ్ముతరు. ఆ కిలోవాట్ ఎప్పుడొస్తది? సెకనుకు 12 మీటర్ల గాలి వీస్తే, అంటే గంటకు 43 కిలోమీటర్ల వేగమున్నప్పుడు. అప్పుడు ఆ చక్రం మీదికొచ్చే గాలిల దాదాపు 3,100 వాట్ల బలముంటది. మంచి మర అందుల మూడో వంతు పట్టుకుంటది. వెయ్యి వాట్లు వచ్చినయి, అబద్ధం కాదు.

ఇప్పుడు గాలి సెకనుకు 6 మీటర్లకు తగ్గిందనుకోండ్రి. వెయ్యి కాస్త 130 వాట్ల కాడికొస్తది. 3 మీటర్లకు తగ్గితే? 16 వాట్లు! రెండు ఎల్‌ఈడీ బల్బులు. అది కూడ మర తిరిగితేనే. చాన చిన్న మరలు అంత మెల్లటి గాలికి కదలనే కదలవు. పేరుకు కిలోవాట్, పనికి రెండు బల్బులు.

"మా మర కొత్త టెక్నాలజీ, గాలిని మొత్తం గుంజుతది" అని ఎవలన్న చెప్తే నమ్మకుండ్రి. ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1919ల లెక్క కట్టి చూపెట్టిండు. వచ్చే గాలిల వందకు 59 వంతుల కన్న ఎక్కువ ఏ రెక్కా పట్టలేదు. గాలిల ఉన్న బలం మొత్తం తీసుకుంటే గాలి అక్కడనే ఆగిపోవాలె. ఆగిన గాలి అడ్డం నిలబడితే ఎనుక గాలి ఎట్ల వస్తది? ప్రకృతి పెట్టిన ఈ హద్దుకు డిస్కౌంట్ లేదు.

ఎత్తుల గాలి ఉంటది, కుదురు ఉండది

"నేల మీద లెక్క వేరే, మాది ముప్పైయో అంతస్తు" అంటరు. ఆ మాటల నిజమున్నది. ఇండ్లు, చెట్లు, గోడలు నేల కాడ గాలిని ఆపుతయి. పైకి పోయిన కొద్ది వేగం పెరుగుతది. పల్లెల బయలు జాగల కన్న, ఇండ్లు నిండిన పట్నంల ఈ తేడా ఇంకా ఎక్కువ. అందుకే పెద్ద గాలిమరలకు వంద మీటర్ల కన్న ఎత్తు కంబాలు పెడుతున్నరు.

గని వేగం ఒక్కటే చాలదు, గాలికి కుదురుండాలె. ఈ సంగతి మన రైతుకు ఎప్పటి నుంచో ఎరికే. కల్లంల వడ్లు తూర్పారబట్టేటప్పుడు చేట పట్టుకొని గాలి కోసం నిలబడుతరు. ఒక్క దిక్కు నుంచి సమంగ గాలొస్తే గింజ కాళ్ల కాడ పడుతది, తాలు దూరం పోతది. అదే గోడ పక్కన నిలబడి తూర్పారబడితే ఏమైతది? గాలి గోడకు తట్టి సుడి తిరుగుతది. తాలంత మొఖం మీదనే పడుతది. గాలి ఉన్నది, పని కాలేదు.

బంగ్ల మిద్దె మీద అయ్యేది గదే. గాలొచ్చి బంగ్ల గోడకు తాకి, పైకి ఎగదన్ని, పిట్టగోడ అంచు కాడ చెదురుతది. ఆ అంచు మీది నుంచి పైకి దుంకుతది. దాని కింద, సరిగ్గ మిద్దె మీద, సుడులు తిరిగే గాలి మిగులుతది. మన తువ్వాలను ఎగరగొట్టేది చాన సార్లు ఆ సుడి గాలే. దానికి తోడు నీళ్ల టాంకులు, లిఫ్టు రూము, సెల్ టవర్లు. ఒక గడియ ఉత్తరం నుంచి, ఇంకో గడియ కింది నుంచి, మల్ల పక్క నుంచి కొడుతది. మర రెక్కలు మొఖం తిప్పుకునే లోపల గాలే దిక్కు మార్చుతది. కరెంటు తక్కువ, అరుగుడు ఎక్కువ.

చిన్న గాలిమరలు పెట్టెటోళ్లకు ఒక పాత లెక్కున్నది. చుట్టు 500 అడుగుల లోపల ఉన్న ఏ అడ్డం కన్న అయినా మర కనీసం 30 అడుగులు ఎత్తుండాలె. పల్లెల ఇది సులువే. నలభై అంతస్తుల బంగ్ల మీద, పక్కన ఇంకో నలభై అంతస్తుల బంగ్ల ఉన్న కాడ ఎట్ల కుదురుతది?

స్క్రూ లెక్క నిటారుగ తిరిగే మరలు ఏ దిక్కు గాలికైన తిరుగుతయని చెప్తరు. అది నిజమే. ఫిన్లాండ్ ఇంజినీరు సావోనియస్, ఫ్రాన్స్ ఇంజినీరు డారియస్ వందేండ్ల కింద, 1920లల్లనే ఈ తీరువి తయారు చేసిన్రు. ఇది నిన్న మొన్నటి కొత్త మాయ ఏం కాదు. దిక్కు కోసం మొఖం తిప్పే పని తప్పుతది గని, మామూలు రెక్కల మర కన్న ఇవి గాలిని పట్టేది సాధారణంగ తక్కువ. చూసెతందుకు సక్కగుంటయి, అందుకే వీడియోలల్ల ఎక్కువ కనవడుతయి.

లోకంల పెట్టి చూసినోళ్లు ఉన్నరు

మనం మొదటోళ్లం కాదు. వేరే దేశాలల్ల ఈ పని చేసి చూసిన్రు. వాళ్ల అనుభవం మనకు ఉత్తగ దొరుకుతది, వాడుకోవాలె.

బహ్రెయిన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ 2008ల తయారైంది. 240 మీటర్ల ఎత్తు జంట బంగ్లలు. నడుమ మూడు వంతెనలు, ఒక్కొక్క వంతెన మీద 29 మీటర్ల వెడల్పు రెక్కలు, ఒక్కోటి 225 కిలోవాట్లు. రెండు బంగ్లలను తెరచాప తీరుగ మలిచి, సముద్రం దిక్కు గాలి నడుమల నుంచి దూసుకపోయేటట్టు ముందే కట్టిన్రు. బంగ్లకు కావాల్సిన కరెంటుల వందకు 11 నుంచి 15 వంతులు వస్తదని అంచనా కట్టిన్రు. చూడుండ్రి, సముద్రం ఒడ్డు, గాలి కోసమే మలిచిన బంగ్ల, పెద్ద పెద్ద రెక్కలు, అయినా అంచనాలనే ఆరో వంతు దాటలేదు.

లండన్ల స్ట్రాటా అని 43 అంతస్తుల బంగ్ల, 2010ల పూర్తయింది. నెత్తి మీద మూడు రంధ్రాలు పెట్టి, 9 మీటర్ల వెడల్పు మరలు మూడు బిగించిన్రు. వందకు 8 వంతుల కరెంటు వస్తదని చెప్పిన్రు. తర్వాత ఆ మరలు తిరిగింది తక్కువ, ఆగింది ఎక్కువ. ఆ యేడే అక్కడి పత్రిక ఒకటి బ్రిటన్‌ల పాడుగున్న కొత్త కట్టడానికి ఇచ్చే "కార్బంకుల్ కప్పు" దానికే ఇచ్చింది.

పారిస్ ఈఫిల్ టవర్ మీద 2015ల నిటారు మరలు రెండు పెట్టిన్రు. దాదాపు 400 అడుగుల ఎత్తుల. ఏడాదికి 10,000 యూనిట్లు వస్తయన్నరు. ఇనంగనే పెద్దగ అనిపిస్తది. మన గృహజ్యోతి హద్దు నెలకు 200 యూనిట్లు, అంటే ఏడాదికి 2,400. ఆ లెక్కన ఈఫిల్ టవర్ మరలు రెండు కలిసి మన దగ్గర నాలుగు ఇండ్లను నడుపుతయి. ఆ పదివేల యూనిట్లు హైదరాబాద్ ఎండల ఏడు కిలోవాట్ల సోలార్ పలకలు ఇస్తయి. దానికి ఏడువందల చదరపు అడుగుల మిద్దె చాలు.

అన్నిట్ల కన్న పనికొచ్చే ముచ్చట బ్రిటన్‌ల చేసిన వార్విక్ విండ్ ట్రయల్స్. ఇండ్ల మీద, బంగ్లల మీద 26 చిన్న మరలు పెట్టి, నిజంగ ఎంత వస్తదో మీటర్లు పెట్టి కొలిచి 2009ల బయటపెట్టిన్రు. ఆపి పెట్టిన దినాలు కూడ కలుపుకుంటే సగటున ఒక్క మర దినానికి ఇచ్చింది 214 వాట్-అవర్లు. అంటే యూనిట్‌ల అయిదో వంతు. నెలకు ఆరు యూనిట్ల పైన కొంచెం. ఒక్క ఇంటికి 200 యూనిట్లు కావాలంటే అసువంటి మరలు ముప్పై పెట్టాలె! ఎత్తు బంగ్లల మీద పెట్టినయి జర బాగనే నడిచినయి. గని శబ్దం తట్టుకోలేక అక్కడుండెటోళ్లు ఫిర్యాదు చేసిన్రు, ఎక్కువ కాలం ఆపి పెట్టవలసి వచ్చింది. గాలి ఉన్న కాడ నిద్ర లేదు, నిద్ర ఉన్న కాడ గాలి లేదు.

అదురు, శబ్దం, మాంజా

మర తిరుగుతుంటే కంబం అదురుతది. కంబం స్లాబుకు బిగించి ఉంటది. ఆ అదురు స్లాబుల నుంచి గోడలకు, గోడల నుంచి కింది ఇంటి పడకగదికి దిగుతది. పగలు తెలవది. రాత్రి అన్ని సద్దుమణిగినంక సన్నగ "గుంయ్" అని చెవుల పడుతది. పై అంతస్తుల ఉండే ముసలోళ్లు, పసిపిల్లలు దాన్ని మోయాలె.

ఇంకో సంగతి కంబం బిగించిన బోల్టుల మీద పడే బలం. గాలిదుమారంల ఆ కంబాన్ని పక్కకు వంచే బలం మస్తు ఉంటది. బోల్టు వదులైనా, రెక్క ఇరిగినా అది నూరు మీటర్ల ఎత్తు నుంచి కింద పడుతది. కింద పిల్లలు ఆడుకునే జాగ ఉంటది. మన పట్నంల సంక్రాంతికి మాంజా ఎట్ల చుట్టుకుంటదో తెలిసిందే. పావురాలు, పిడుగులు, ఎండకు పగిలే రబ్బరు, బేరింగులకు గ్రీజు, ఇవన్ని ఏటేటా ఖర్చే. మర కొనేటప్పుడు ఆ ఖర్చు కాగితం మీద కనవడది.

ఎత్తు పెరిగిన కొద్ది మిద్దె కరుగుతది

ఇప్పుడు అసలు ముచ్చటకొద్దాం. ఎత్తు బంగ్ల తన కరెంటు తాను చేసుకోవాలంటే గాలి కన్న ముందు ఒక సర్కస్ చేయాలె. నలభై అంతస్తులు, అంతస్తుకు ఆరు ఇండ్లు అనుకుందాం. 240 ఇండ్లు. అన్నిటికి కలిపి నెత్తి మీద ఒక్కటే మిద్దె. ఆ మిద్దె పదివేల చదరపు అడుగులనుకుంటే టాంకులు, లిఫ్టు రూములు పోను సగం మిగులుతది. అయిదు వేల అడుగుల మీద యాభై కిలోవాట్ల సోలార్ పడుతది. దినానికి రెండువందల యూనిట్ల దాక వస్తయి. 240 ఇండ్లకు పంచితే ఇంటికి ఒక్క యూనిట్ కూడ రాదు. అందరి లైట్లకు, కొంత లిఫ్టు ఖర్చుకు అక్కరకొస్తది, గంతే.

అదే బస్తీల రెండంతస్తుల ఇల్లు చూడుండ్రి. రెండు కుటుంబాలకు ఒక మిద్దె. మూడువందల అడుగుల ఖాళీ ఉంటే మూడు కిలోవాట్లు పడుతది. దినానికి 12 యూనిట్లు. ఇద్దరికి చాలంగ మిగులుతది. 2024ల వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంల మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉన్నది. ఎత్తుల ఉన్నోడే గొప్పోడు అనుకుంటం గని, కరెంటు లెక్కల బస్తీ మిద్దే గొప్పది. ఎత్తు బంగ్ల ఎంత పైకి పోతే అంత బయటి కరెంటు మీద పడి బతుకుతది.

అందుకే బంగ్ల నెత్తి మీద రెండు గాలిమరలు తిప్పి "గ్రీన్ బిల్డింగ్" అని బోర్డు పెట్టుకునుడు నాకు నచ్చది. నాలుగు దిక్కుల అద్దాలు బిగించి, ఎండనంత లోపలికి గుంజి, దాన్ని చల్లబరిచెతందుకు పొద్దంత ఏసీలు నడుపుతరు. పైన తిరిగే మర ఆ ఏసీలల్ల ఒక్కదాన్ని కూడ సక్కగ నడపలేదు. అద్దానికి ఎండ తగలకుండ నీడ పట్టుడు, మిద్దెకు తెల్ల సున్నం, గాలి వచ్చే కిటికీలు, తక్కువ కరెంటు తాగే మోటర్లు, వీటికి వీడియో చేయరు. గని మిగిలే యూనిట్లు వీటిల్లనే ఉన్నయి.

గాలి కరెంటు యాడ ఉన్నదో ఆడికి పోవాలె

నేను గాలి కరెంటుకు ఎదురు కాదు. గాలి కరెంటు మనకు కావాలె. వానకాలంల మబ్బు పట్టి సోలార్ సతాయించినప్పుడే గాలి జోరుగ వీస్తది. ఆషాఢం గాలి ఎట్లుంటదో బోనమెత్తిన ఆడబిడ్డలను అడగండ్రి. రాత్రి కూడ గాలి పనిచేస్తది, సూర్యుడు చేయడు. రెండు కలిస్తేనే జోడెద్దులు.

గని ఆ గాలిని పట్టే జాగ వేరే ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌ల నాలుగు వేల మెగావాట్ల గాలిమరలున్నయి. ఎక్కువ రాయలసీమలనే. రామగిరి గుట్టల మీద 1990లల్లనే మరలు తిరిగినయి. మన వికారాబాద్ జిల్లా పరిగి దిక్కు కూడ మరలున్నయి. ఇప్పటి పెద్ద మర ఒకదాని రెక్కల చక్రం వెడల్పు 140 మీటర్లు అనుకుందాం. మిద్దె మీది 2 మీటర్ల మర కన్న వెడల్పు 70 ఇంతలు. గాలిని పట్టే జాగ మాత్రం 70 ఇంతలు కాదు, 4,900 ఇంతలు. ఐదువేల బొమ్మ మరలు పెట్టుడు కన్న గుట్ట మీద ఒక్క మర నయం.

పట్నపోళ్లు ఆ కరెంటు కొనుక్కునే తొవ్వ కూడ ఉన్నది. కేంద్రం 2022ల తెచ్చిన గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ రూల్స్ ప్రకారం 100 కిలోవాట్ల లోడు ఉన్నోళ్లు గాలి, సోలార్ కరెంటు నేరుగ కొనుక్కోవచ్చు. అంతకు ముందు ఒక మెగావాట్ ఉండాలనేది హద్దు. పెద్ద ఐటీ కంపెనీలు, మాల్స్, పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు ఈ తొవ్వ పట్టాలె. పట్టేటప్పుడు ఒక సంగతి యాదుంచుకోవాలె. ఆ మర నిలబడ్డది ఒక రైతు భూమిల. రోడ్డు ఏసింది ఆయన చేనుల నుంచి. ఆ ఊరికి న్యాయమైన కౌలు, కొలువులు, కరెంటు దక్కినప్పుడే అది పచ్చ కరెంటు. లేకుంటే పట్నం తన మసి పల్లె మొఖానికి రుద్దినట్టే.

అసోసియేషన్ మీటింగుల గివి అడగండ్రి

ఇగ మీ బంగ్ల మీద మర పెడతమని ఎవలన్న వస్తే సంతకం కన్న ముందుగాల ఈ ప్రశ్నలు అడగండ్రి.

ఒకటి, మా మిద్దె మీద గాలి కొలిచిన్రా? ఊరి సగటు చెప్తే నడవదు. మర పెట్టే ఎత్తుల, పెట్టే జాగల గాలి కొలిచే మిషన్ పెట్టి ఏడాది లెక్క రాయాలె. ఆషాఢంల నెల రోజులు కొలిచి ఏడాదంత గట్లనే ఉంటదంటే ఒప్పుకోవద్దు. కార్తీకంల గాలి ఎంతుంటదో కూడ చూడాలె. ఏడాది సగటు సెకనుకు 5 మీటర్లు కూడ లేకుంటే ఆ ముచ్చట అక్కడనే బంద్ చేయండ్రి.

రెండు, కిలోవాట్లు కాదు, ఏడాదికి ఎన్ని యూనిట్లు? అది కాగితం మీద రాసియ్యాలె. తక్కువొస్తే పైసలు వాపస్ అని కూడ రాయాలె. "మస్తు వస్తది" అనేది మాట, యూనిట్ అనేది లెక్క.

మూడు, మరను పరీక్ష చేసిందెవలు? చెన్నైల కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ విండ్ ఎనర్జీ. గాలిమరలను పరీక్ష చేసుడు దాని పని. అసువంటి చోట పాసైన కాగితం చూపెట్టాలె. వీడియో పరీక్ష కాదు.

నాలుగు, స్లాబు ఆగుతదని స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉన్నదా? ఆ ఇంజినీరు కంపెనీ మనిషి కావద్దు, మనం పెట్టుకున్న మనిషి కావాలె. పై అంతస్తు ఇండ్లోళ్ల ఒప్పుదల కూడ రాసి తీసుకోవాలె.

ఐదు, గదే పైసలతోని సోలార్ పెడితే, పాత మోటర్లు మార్చితే ఎన్ని యూనిట్లు మిగులుతయి? రెండు లెక్కలు పక్కపక్కన బోర్డు మీద రాయమనండ్రి. ఇంకేం చెప్పే పని లేదు, అంకెలే మాట్లాడుతయి.

గీ ఐదుకు సరైన జవాబు వచ్చిన బంగ్ల ఒకటి అర ఉండొచ్చు. చుట్టు ఖాళీ ఉన్నది, గుట్ట మీద ఉన్నది, గాలి కోసమే ముందు నుంచి మలిచినది. అక్కడ పెట్టుకోనీ, తప్పు లేదు. ఒక్క షరతు. మర కాడ మీటరు పెట్టి, అది చూపించే యూనిట్లు గేటు కాడ అందరికి కనవడేటట్టు రాయాలె. సర్కారు కూడ గ్రీన్ పేరుతోని ఏ రాయితీ ఇచ్చినా ఆ మీటరు చూసి ఇయ్యాలె గని, తిరిగే రెక్కలు చూసి ఇయ్యద్దు.